పాస్‌పోర్టులో లెట్, గేటు మీద టు లెట్

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో 32 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. తెనాలి దగ్గర పల్లె మాది. ఈ వేసవికి అమ్మాయీ అల్లుడూ డాలస్ నుంచి వచ్చారు. వాళ్ళ దగ్గర కొన్నాళ్ళు ఉండి రావాలని నేనూ మా ఆవిడా కొత్తగా పాస్‌పోర్టులు తీసుకున్నాం. మా మనవరాలికి పన్నెండేళ్ళు, అక్కడే పుట్టింది. నా పాస్‌పోర్టు తిరగేస్తూ ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ అన్న చోట ఆగి, ‘తాతయ్యా, లెట్ అంటే రానివ్వడం కదా. వితౌట్ లెట్ అంటే నిన్ను రానివ్వకుండా అనా?’ అంది. నాకు నోట మాట రాలేదు. అల్లుడు ‘అచ్చుతప్పు అయ్యుంటుంది మావయ్యగారూ’ అన్నాడు. అందరూ నవ్వేశారు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. లెట్ అంటే అనుమతించు అని ఎన్ని వందల మంది పిల్లలకి చెప్పి ఉంటాను! ఇన్నాళ్ళూ తప్పు చెప్పానా? నిజంగా అచ్చుతప్పయితే పాస్‌పోర్టు ఆఫీసుకి రాయాలా? చాలదన్నట్టు మొన్న గుంటూరులో ఒక గేటుకి ‘టు లెట్’ బోర్డు చూసి ‘ఎవర్ని లెట్ చేస్తారు?’ అని ఇంకో ప్రశ్న వేసింది. పిల్లకి ఏం చెప్పమంటారు?
– ఒక రిటైర్డ్ మాస్టారు, గుంటూరు జిల్లా

సమాధానం:

మాస్టారూ, నమస్కారం.

ముందు మీ టెన్షన్ తీరే మాట చెప్పేస్తాను. మీరు తప్పు చెప్పలేదు. పాస్‌పోర్టులో అచ్చుతప్పూ లేదు. మీరు 32 ఏళ్ళు పాఠం చెప్పిన లెట్ వేరు, పాస్‌పోర్టులో కూర్చున్న లెట్ వేరు. రెండూ ఒకటే అనుకోవడంతోనే చిక్కొచ్చింది. పాస్‌పోర్టు ఆఫీసుకి ఉత్తరాలూ గిత్తరాలూ రాసే పని పెట్టుకోకండి.

ఆ పుస్తకం ఇంకోసారి బయటికి తీయండి. అదే వాక్యం హిందీలో కూడా అచ్చువేసి ఉంటుంది. మన కళ్ళు ఇంగ్లీషు మీదికే పోతాయి కాబట్టి దాన్ని ఎవరూ చదవరు. అక్కడ ‘బినా రోక్-టోక్’ అని ఉంది చూడండి. ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ అంటే అదే. మన మాటల్లో అయితే ‘అడ్డూ ఆపూ లేకుండా’. ఈ పుస్తకం పట్టుకొచ్చిన మనిషిని అడ్డూ ఆపూ లేకుండా స్వేచ్ఛగా వెళ్ళనివ్వండి, అవసరమైతే సాయమూ రక్షణా ఇవ్వండి అని భారత రాష్ట్రపతి పేరు మీద అందరినీ కోరుతున్నారు. ఆ ‘వెళ్ళనివ్వండి’ దగ్గర ఇంగ్లీషులో ‘ఎలౌ’ అని రాశారు, గమనించారా? అక్కడ కూడా లెట్ అనే రాసి ఉంటే ఒకే వాక్యంలో లెట్ రెండుసార్లు పడి, ఒకటి దారి ఇమ్మని, ఇంకొకటి దారికి అడ్డమని అయ్యేది. మీ మనవరాలు అప్పుడు ఇంకేం అడిగేదో!

మరి ఒకే మాట ఇలా ఎదురెదురు అర్థాలతో ఎందుకు తిరుగుతోంది? అసలు అది ఒకే మాట కాదు.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు క్రియలు. ఒకటి ‘ల్యాటన్’. వదలడం, విడిచి వెళ్ళడం, పోనివ్వడం దాని అర్థాలు. రెండోది ‘లెట్టన్’. ఆపడం, అడ్డుపడటం దాని అర్థం. మొదటిదాంట్లో అచ్చు దీర్ఘం, తర్వాత ఒంటి ట. రెండోదాంట్లో అచ్చు పొట్టిది, ట కింద ట వత్తు. (ఆ మొదటి దీర్ఘం ఎలా పలకాలంటే, ‘వచ్చాడు’ అని మామూలుగా, పుస్తకం చదివినట్టు కాకుండా, ఒకసారి అని చూసుకోండి. ఆ-కీ ఏ-కీ మధ్య ఒక అచ్చు వస్తుంది. మన లిపిలో దానికి అక్షరం లేదు గానీ మన నోట్లో ఉంది.)

ఈ తేడా ఇప్పటి ఇంగ్లీషువాడికి వివరించాలంటే కష్టం. తెలుగువాడికి ఒక్క ముక్క చాలు. కాటు, కట్టు. చేటు, చెట్టు. పాటు, పట్టు. దీర్ఘం తీసి వత్తు పెడితే మాట మారిపోతుంది. పాము కాటుని పాము కట్టు అని ఎవరూ పొరబడరు. ఇంగ్లీషుకి కూడా ఒకప్పుడు ఈ వరస ఉండేది. మధ్యయుగాల్లో వాళ్ళు వత్తులు పలకడం మానేశారు. క్రియల చివర ఉండే ‘అన్’ అరిగి అరిగి రాలిపోయింది. ల్యాటన్‌లోని దీర్ఘం కూడా కాలక్రమంలో కుదించుకుపోయింది. అలా అటు నుంచి ఒకటీ ఇటు నుంచి ఒకటీ నడిచొచ్చి రెండూ ‘లెట్’ దగ్గర కలిశాయి. తెలుగులో వత్తులూ దీర్ఘాలూ పోయాయనుకోండి, చేటూ చెట్టూ ఒకటే అయిపోతే ‘ఇంటి ముందు చెటు ఉంది’ అన్నవాడికి శాంతి చేయించాలో నీళ్ళు పోయాలో తెలిసేది కాదు. లెట్‌కి పట్టిన గతి అదే.

ఇక్కడే ఇంకో చుట్టరికం చెప్పాలి, మనవరాలికి బాగా పనికొస్తుంది. ఆ అడ్డుపడే లెట్టన్ అనే క్రియ ‘ల్యాట్’ అనే విశేషణం నుంచి పుట్టింది. ల్యాట్ అంటే నెమ్మదైన, మందకొడిగా ఉండే అని అర్థం. ఆ ల్యాటే అరిగి ఇవాళ్టి ‘లేట్’ అయింది. మనం రోజూ ‘బస్సు లేటు’, ‘నన్ను లేట్ చేయకు’ అంటూ వాడుకునే లేటే. చివరిది అని చెప్పే ‘లాస్ట్’ కూడా ఆ ఇంటి పిల్లే, అన్నిటికంటే లేటుగా వచ్చింది కదా మరి. కాబట్టి లెట్టన్ అంటే మొదట లేట్ చేయడం. ఒకణ్ణి లేట్ చేస్తూ పోతే అది ఆపడంతో సమానం. మన ఆఫీసుల్లో ఫైలు ఆపేవాడు ‘ఆపాను’ అంటాడా? ‘కొంచెం లేటవుతుందండీ’ అంటాడు.

ఇప్పుడు మీ మనవరాలి పాస్‌పోర్టు తెప్పించండి. అక్కడే పుట్టింది కాబట్టి అమెరికాదే అయ్యుంటుంది. అందులోనూ ఇలాంటి విన్నపమే ఉంటుంది, వాళ్ళ విదేశాంగ మంత్రి పేరు మీద. అక్కడ ఏం రాశారో చూడండి: ‘వితౌట్ డిలే ఆర్ హిండ్రెన్స్’. మనం బ్రిటిష్ పాస్‌పోర్టులో ఉన్న మాటని అలాగే ఉంచుకుని లెట్ అన్నాం, వాళ్ళు డిలే అన్నారు. డిలే అంటే ఆలస్యం, అంటే లేటు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి ఆ రెండు వాక్యాలూ ఆ పిల్ల చేతే చదివించండి. మీరు ఒక్క మాట చెప్పనక్కర్లేకుండా సగం పాఠం అయిపోతుంది. జవాబు దాని పాస్‌పోర్టులోనే ఉందని తెలిస్తే ఎగిరి గంతేస్తుంది కూడా.

రెండు మాటలూ ఒకే రూపానికి వచ్చాక కొన్నాళ్ళు కలిసే కాపురం చేశాయి. ఎంత దగ్గరగా అంటే, 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో నిర్గమకాండం అయిదో అధ్యాయం తీసి చూడాలి. మొదటి వచనంలో మోషే అహరోనులు ఈజిప్టు రాజు ఫరో ముందు నిలబడి దేవుడి ఆజ్ఞ వినిపిస్తారు: ‘లెట్ మై పీపుల్ గో’. నా జనాన్ని పోనివ్వు అని. ఇది మీ లెట్, బళ్ళో చెప్పిన లెట్. మూడు వచనాలు దాటి నాలుగో వచనానికి వస్తే ఫరో విసుక్కుంటాడు: ఎందుకయ్యా మీరు ఈ జనాన్ని ‘లెట్ ది పీపుల్ ఫ్రమ్ దెయిర్ వర్క్స్’ చేస్తున్నారు అని. అంటే వాళ్ళ పనులు సాగకుండా ఎందుకు అడ్డుపడుతున్నారు, పొండి, మీ మోతలు మీరు మొయ్యండి అని. మోషే లెట్ పోనివ్వమంటుంది, ఫరో లెట్ అడ్డుపడకండి అంటుంది. ఒకే పేజీలో. అప్పటి చదువరులు దీనికి తడబడ్డ దాఖలా ఏమీ కనిపించదు. ఒకదాని వెనక ‘గో’ ఉంది, ఇంకొకదాని వెనక ‘ఫ్రమ్’ ఉంది. వాక్యం నడకే ఏ లెట్టో చెప్పేసేది.

మనకి వింతగా అనిపిస్తుంది గానీ మనమూ రోజూ చేసే పనే అది. మన ‘కానీ’ని తీసుకోండి. ‘వస్తాను కానీ ఉండను’ అన్నప్పుడు ఒకటి. బేరం దగ్గర ‘సరే, కానీ’ అన్నప్పుడు ఇంకొకటి, అది కానివ్వు. మా తాతగారి తరం ‘చేతిలో చిల్లికానీ లేదు’ అనేవారే, ఆ కానీ నాణెం. మూడూ పలకడానికి ఒకటే. అయినా ‘కానీ కానీ, భోజనాలకి టైమవుతోంది’ అని పెళ్ళిలో ఎవరైనా అరిస్తే పురోహితుడు చిల్లర వెతుక్కోడు కదా.

అదే రోజుల్లో షేక్‌స్పియర్ కూడా ఈ అడ్డు లెట్‌ని వాడాడు. హామ్లెట్ నాటకం మొదటి అంకంలో తండ్రి దెయ్యం కనిపించి రమ్మని సైగ చేస్తుంది. వెళ్ళొద్దని స్నేహితులు పట్టుకుని లాగుతారు. హామ్లెట్ విదిలించుకుంటూ అంటాడు: ‘ఐ విల్ మేక్ ఎ గోస్ట్ ఆఫ్ హిమ్ దట్ లెట్స్ మి’. నన్ను లెట్ చేసినవాణ్ణి దెయ్యాన్ని చేసేస్తాను అని. మీ స్కూల్ లెట్ పెట్టుకుని చదివితే, దారి ఇచ్చిన పాపానికి చంపేస్తానంటున్నాడేమిటి ఈ పిచ్చివాడు అనిపిస్తుంది. హామ్లెట్‌కి పిచ్చి ఉందో లేదో తర్వాత మాట, ఈ వాక్యంలో మాత్రం లేదు. అడ్డొచ్చినవాణ్ణి చంపుతానంటున్నాడు. బి.ఏ.లో ఈ వాక్యం దగ్గర నేనూ మీలాగే ఆగాను. మా లెక్చరర్ ‘అది పాత ఇంగ్లీషులే, పరీక్షకి రాదు’ అని పేజీ తిప్పేశారు. మీ మనవరాలికి మీరు పేజీ తిప్పేయకుండా నాకు ఉత్తరం రాశారు. ఆ లెక్క ప్రకారం నాకంటే ఆ పిల్లే అదృష్టవంతురాలు.

తర్వాత తర్వాత అడ్డు లెట్ చిక్కిపోయింది. ఒకే మాట ‘ఇవ్వు’ అనీ ‘ఇవ్వకు’ అనీ చెబుతుంటే జనం ఎన్నాళ్ళు ఓపిక పడతారు? పైగా దాని పని చేయడానికి హిండర్, స్టాప్, ప్రివెంట్ సిద్ధంగా ఉన్నాయి. కాలం చెల్లిందనడానికి బైబిలే సాక్ష్యం. అదే అనువాదాన్ని 1881లో సవరించి కొత్త నిబంధన అచ్చువేసినప్పుడు, రోమా పత్రికలో (రోములోని క్రైస్తవులకి రాసిన ఉత్తరంలో) పౌలు ‘వాజ్ లెట్ హిదర్టు’ అన్నదాన్ని, అంటే ఇంతవరకూ ఆటంకం కలిగింది అన్నదాన్ని, ‘వాజ్ హిండర్డ్’ అని మార్చారు. అప్పటికి లెట్ అలాగే ఉంచితే చర్చిలో కూర్చున్నవాళ్ళకి తప్పు అర్థం వెళ్ళే పరిస్థితి వచ్చేసింది.

అయినా మాటలు పూర్తిగా చావవు. ఎక్కడో జంట మాటల్లో తలదాచుకుంటాయి. ‘పురుగూ పుట్రా’ అంటాం. పుట్రా కనిపించింది చంపండి అని ఎవరైనా విడిగా అన్నారా? ‘డబ్బూ దస్కం’ అంటాం, ఒక వెయ్యి దస్కం అప్పివ్వు అనం. ‘చుట్టం పక్కం’లో పక్కం పరిస్థితీ అంతే. ఇంగ్లీషు లెట్‌కి దొరికిన గూడు ‘లెట్ ఆర్ హిండ్రెన్స్’. హిండ్రెన్స్ భుజం మీద చెయ్యి వేసుకుని బతికిపోయింది. లాయర్లకి ఇలాంటి జంటలంటే ప్రాణం. ఒక మాట చాలే అనిపించిన చోట రెండోది కూడా వేస్తే క్లయింటుకి ధైర్యంగా ఉంటుంది కాబోలు.

లాయర్లంటే గుర్తొచ్చింది. మీ అల్లుడుగారికి హైదరాబాద్‌లో ఫ్లాటేదైనా ఉంటే బీరువా తెరవమనండి. ఇంగ్లీషులో రాయించిన సేల్ డీడ్‌లో చాలావరకు ఒక వాక్యం ఉంటుంది: కొన్నవాళ్ళు ఈ ఆస్తిని ‘వితౌట్ ఎనీ లెట్ ఆర్ హిండ్రెన్స్’ అనుభవించవచ్చు అని. అంటే అమ్మినవాళ్ళు గానీ వాళ్ళ వారసులు గానీ అడ్డు రాకూడదు. ఆ కాగితం కిందే, ఫ్లాటు అద్దెకిచ్చి ఉంటే, రెంటల్ అగ్రిమెంటు ఉంటుంది. అందులో అద్దెకున్నవాళ్ళు ‘సబ్‌లెట్’ చేయకూడదని ఉంటుంది. ఒకే బీరువాలో, ఒకే అరలో, ఒక కాగితంలో లెట్ అంటే అడ్డు, పక్క కాగితంలో లెట్ అంటే అద్దెకివ్వడం. రెండింటి మీదా సంతకం మనదే. మనలో ఎంతమందిమి చదివి సంతకం పెట్టాం అన్నది అడక్కండి.

ఆటల్లో కూడా బతికుంది. టెన్నిస్‌లో సర్వీస్ చేసిన బంతి నెట్‌ని తాకి సరైన గడిలోనే పడితే ‘లెట్’ అంటారు, మళ్ళీ సర్వీస్ చేయాలి. నెట్ అడ్డొచ్చింది కాబట్టి ఆ సర్వీస్ లెక్కలోకి రాదు. మా ఊళ్ళో సాయంత్రాలు లైట్లు వేసుకుని షటిల్ ఆడేవాళ్ళం. పక్క కోర్టు కాక్ వచ్చి మధ్యలో పడితే నలుగురమూ ‘లెట్, లెట్’ అని అరిచేవాళ్ళం. అది నెట్ అనబోయి లెట్ అంటున్నారనుకున్నాను నేను, చాలా ఏళ్ళు. ఒకసారి ధైర్యం చేసి ‘నెట్’ అని సరిదిద్దాను కూడా. అందరూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మొన్న మీ ఇంట్లో నవ్వులు నాకు కొత్త కాదు, మాస్టారూ.

ఇక గేటు మీది టు లెట్. ఇది అడ్డు లెట్ కాదు. మీ లెట్టే, ల్యాటన్ సంతానమే. దాని ప్రయాణం ఇంకా ముచ్చటగా ఉంటుంది. మొదట దాని అర్థం వదలడం, విడిచిపెట్టడం. చేతిలో ఉన్న పిట్టని వదలడం. వదిలితే అది పోతుంది కాబట్టి పోనివ్వడం. అలా అనుమతించడం. ఇటు పొలం ఒకరి చేతికి వదిలితే అది కౌలుకివ్వడం, ఇల్లు వదిలితే అద్దెకివ్వడం. ఈ దారి మనకి తెలిసిన దారే. ‘వెళ్ళనివ్వు’లో ఏముంది? ఇవ్వు. ‘అద్దెకివ్వు’లో ఏముంది? ఇవ్వు. ‘లెట్ మి గో’ని తెలుగు చేసినా, ‘టు లెట్’ని తెలుగు చేసినా మనకి ఇవ్వు రాక తప్పదు. ఇంగ్లీషువాడు వదలడంతో మొదలుపెట్టాడు, మనం ఇవ్వడంతో మొదలుపెట్టాం, ఇద్దరమూ చేరింది ఒకే రెండు గుమ్మాలకి. పాత బోర్డుల మీద ‘అద్దెకు ఇవ్వబడును’ అని ఉండేది, మీరు చూసే ఉంటారు. ఎవరూ నోటితో అనని వాక్యం అది, బోర్డు కోసమే పుట్టినట్టుంటుంది. టు లెట్ కూడా అలాంటిదే.

మీ మనవరాలికి ఆ బోర్డు వింతగా ఉండటంలో తప్పు లేదు. అమెరికాలో ఇంటి ముందు ‘ఫర్ రెంట్’ అని పెడతారు. టు లెట్ బ్రిటిష్ వాడుక. మన గేట్లకి మేకులు కొట్టి వాళ్ళు వెళ్ళిపోయారు, బోర్డు మిగిలింది. ఇవాళ అది తెలుగు మాటే అయిపోయింది, ‘ఆ సందులో నాలుగు టులెట్‌లు ఉన్నాయట’ అంటున్నాం. రెండు మాటల మధ్య ఖాళీలో ఎవరో కొంటె కుర్రాడు బొగ్గుముక్కతో ఒక ‘ఐ’ గీసిన బోర్డు కూడా ఎప్పుడో ఒకప్పుడు మీ కంటపడే ఉంటుంది. పిల్లకి ఆ జోకు మీరు చెప్పకపోయినా అల్లుడుగారు చెబుతారు.

మీరు ఇంగ్లీషు మాస్టారు కాబట్టి ఇంకో ముక్క. మీ లెట్ ఇంకా ముందుకి నడిచి సొంత అర్థం కూడా సగం వదులుకుంది. ‘లెట్ అస్ గో’ అంటే రెండు అర్థాలు. జైలు గదిలో ఉన్నవాళ్ళంటే ‘మమ్మల్ని వెళ్ళనివ్వండి’. బండి తాళాలు చేతిలో పట్టుకున్నవాళ్ళంటే ‘వెళ్దాం పదండి’. ఈ రెండో దాంట్లో ఎవరూ ఎవరినీ అనుమతి అడగట్లేదు. కుదించి ‘లెట్స్ గో’ అంటే ఇక ఆ రెండో అర్థమొక్కటే, జైల్లో ఉన్నవాడు అలా అనడు. మన ‘పోనీ’కి జరిగిందీ ఇదే. ‘వాణ్ణి పోనీ’ అన్నప్పుడు వెళ్ళనివ్వడం ఉంది. ‘పోనీ, రేపు రండి’ అన్నప్పుడు ఎవర్ని ఎక్కడికి పోనిచ్చాం? అర్థం అరిగి, వాక్యాన్ని మలుపు తిప్పే చిన్న పనిముట్టుగా మిగిలింది.

ఇదీ అసలైన అర్థం మారడమంటే. మాట ఒకటే, దాని లోపలి సరుకు మెల్లగా మారుతుంది. మన భాషా చరిత్ర పుస్తకాల్లో అర్థవిపరిణామం అని చెప్పేది దీన్నే. చెంబు అంటే ఒకప్పుడు రాగి, ఇప్పుడు స్టీలు చెంబులో నీళ్ళు తాగుతున్నాం. కంపు అంటే పాత కావ్యాల్లో సువాసన, ఇప్పుడు ముక్కు మూసుకుంటాం. పాస్‌పోర్టు లెట్ మాత్రం ఈ కోవలోకి రాదు. అది మారలేదు, వెయ్యేళ్ళ కిందట ఏ అర్థమో ఇప్పుడూ అదే. దాని పక్కన ఇంకొకటి వచ్చి అదే చొక్కా వేసుకుంది, అంతే. ఇంకా లోతుకి తవ్వితే ఆ రెండు మాటలకీ సడలడం అనే అర్థం ఉన్న ఒకే పాత మూలం ఉందని భాషాచరిత్రకారులు చెబుతారు. పట్టు సడలితే వదలడం, ఒళ్ళు సడలితే నెమ్మదించడం. అంటే ఎప్పుడో విడిపోయిన దాయాదులు, ముఖాలు మర్చిపోయాక ఒకే ఇంట్లో అద్దెకి దిగారన్నమాట.

పిల్లకి అర్థం మారిన క్రియ ఒకటి చూపించాలనుంటే ప్రివెంట్ చూపించండి. అదే కింగ్ జేమ్స్ బైబిల్లో 119వ కీర్తన, 147వ వచనం: ‘ఐ ప్రివెంటెడ్ ది డానింగ్ ఆఫ్ ది మార్నింగ్’. ఇప్పటి అర్థంతో చదివితే భక్తుడు తెల్లవారకుండా ఆపేశాడు! ఆయన చేసిందల్లా తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసుకోవడం. లాటిన్‌లో ఆ మాటకి ముందు రావడమనే అర్థం. ముందొచ్చినవాడు ముందు నిలబడతాడు, నిలబడితే వెనకవాడికి దారుండదు. ‘అడ్డం వచ్చాడు’ అని మనం అనేటప్పుడు కూడా ఉన్నది రావడమే కదా, ఆపడం దాంట్లోంచి ఊరింది. ఇక్కడ మాట ఒకటే, నడిచిన దూరం మాత్రం చాలా ఉంది.

ఇక మీరు చెయ్యాల్సింది. పరీక్ష రాసే పిల్లలెవరైనా అడిగితే లెట్ అంటే అనుమతించు అనే చెప్పండి, అందులో సందేహం పెట్టుకోవద్దు. లెట్ తర్వాత ‘టు’ రాదు, ‘లెట్ హిమ్ టు గో’ తప్పు, ‘ఎలౌ హిమ్ టు గో’ ఒప్పు అని ఎప్పుడూ చెప్పేదే చెప్పండి, మన పిల్లలు ఎక్కువగా తప్పేది అక్కడే. అడ్డు లెట్‌ని మీరు మాత్రం ఉత్తరాల్లో వాడకండి. ‘హి లెట్ మి’ అని రాస్తే చదివేవాళ్ళు తలకిందులుగా అర్థం చేసుకుంటారు. అది పాస్‌పోర్టులో, దస్తావేజులో, టెన్నిస్ కోర్టులో కనిపిస్తే గుర్తుపడితే చాలు.

మనవరాలి దగ్గర పరువు పోయిందని మీరు రాసిన తీరులో నాకు తెలిసింది. నన్నడిగితే, ఆ పిల్ల మిమ్మల్ని ఎగతాళి చెయ్యలేదు. అందరి చేతుల్లోకీ వచ్చే పుస్తకంలో ఎవరూ చదవని వాక్యాన్ని ఆగి చదివింది. నవ్వింది పెద్దవాళ్ళు. రాత్రి భోజనాలయ్యాక రెండు పాస్‌పోర్టులూ టేబుల్ మీద పెట్టి, ‘నాకు అప్పుడు తెలియలేదమ్మా, కనుక్కున్నాను’ అని మొదలుపెట్టండి. ముందు డిలే చదివించండి, తర్వాత హిందీ రోక్-టోక్, ఆ తర్వాత కాటు, కట్టు పలికించండి. డాలస్‌లో పెరిగిన నోటికి ఆ ట వత్తు తిరుగుతుందో లేదో చూడాలి. తిరక్కపోతే ఇంకా మంచిది, ఇంగ్లీషులో ఆ రెండు మాటలు ఎలా కలిసిపోయాయో దాని నోరే చూపించేస్తుంది.

అల్లుడుగారికి మాత్రం సేల్ డీడ్ సంగతి మర్చిపోకుండా చెప్పండి. అచ్చుతప్పేమోనని అది పట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళగలరు.